పేరుగారి సైటేషన్ల లెక్క

యూనివర్సిటీ లైబ్రరీ రెండో అంతస్తులో, పాత పత్రికల బీరువాల వెనక, కిటికీ లేని గది ఒకటి ఉంది. అందులో ఒక బల్ల, ఒక కంప్యూటర్, మూలుగుతూ పనిచేసే ప్రింటర్. తలుపు మీద మాత్రం ‘పరిశోధనా ప్రభావ మాపన విభాగం’ అని బారెడు బోర్డు. విభాగం అంతా కలిపి ఒక్క మనిషి. ఆవిడని అందరూ తూకం మేడమ్ అంటారు. ఎదురుపడితే మాత్రం ఉత్త మేడమ్‌తో సరిపెడతారు.

ఆవిడ పని ప్రొఫెసర్లని తూచడం. ఒకాయన రాసిన పేపర్‌ని ఇంకొకాయన తన పేపర్లో ప్రస్తావిస్తే అది ఒక సైటేషన్. ఎవరికి అలాంటివి ఎన్ని, ఎవరు ఎవరితో కలిసి ఎన్ని పేపర్లు రాశారు, ఇవన్నీ లెక్కగట్టి, రంగుల బొమ్మ గీసి, కింద సంతకం పెట్టి డైరెక్టర్‌కి పంపాలి. పంతొమ్మిదేళ్ళుగా ఇదే ఉద్యోగం. ఇన్నేళ్ళలో ఆవిడకి అర్థమైంది ఒకటే. తూకానికి వచ్చిన ప్రతివాడూ జేబులో రాళ్ళు వేసుకునే వస్తాడు.

ఒకాయన సొంత సైటేషన్లు తీసేస్తే మిగిలినవన్నీ బావమరిదివి. ఇంకొకాయన ప్రతి నెలా మొదటి తారీఖున వచ్చి, తన సంఖ్య పెరిగిందా అని జ్వరం చూసుకున్నట్టు చూసుకుని పోతాడు. మరొకాయన బొమ్మలో తన గీతలు కాస్త లావుగా వేయించుకోవడానికి అరగంట బతిమాలాడు. ఇంత చదువు చదివి, జుట్టు నెరిసి, ఈ మనుషులు గీత లావు కోసం బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. వాళ్ళని చూస్తే ఆవిడకి జాలి కూడా వేయదు. ఉత్త ఏవగింపు.

ఈసారి వచ్చిన ఫైలు పేరుగారిది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ విభాగంలో ఆయనకి ఆ ముద్దుపేరు ఆయన దగ్గర చదివే పిల్లలే పెట్టారు. ఆయన లాబ్‌లో ఎవరు ఏం రాసినా మొదటి పేరు ఆయనది. లాబ్‌లోని ప్రింటర్‌కి చేతులుంటే అది రాసిన పేపర్లోనూ తన పేరే ముందు పెట్టించుకునేవాడని పిల్లల మాట. కొత్తగా పరిశోధనా కేంద్రం ఒకటి పెడుతున్నారు. దానికి అధిపతిగా ఆయన్ని కూర్చోబెట్టాలంటే ఆయన ప్రభావం ఎంతో, ఆయన సహకారాలు ఎన్నో నెల రోజుల్లో లెక్క తేలాలి.

అదే ట్రేలో, దాని కింద ఇంకో ఫైలు ఉంది. పల్చటిది. అది తూకం మేడమ్ సొంత చెల్లెలిది.

చెల్లెలు పేరుగారి లాబ్‌లోనే ఏడేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. నెలాఖరుకి కాంట్రాక్టు ముగుస్తుంది. తన పేరు ముందున్న పేపర్లకి రెండువందల సైటేషన్లు ఉంటే ఉద్యోగం ఖాయం చేస్తారు, లేకపోతే ఇంటికి పొమ్మంటారు. చెల్లెలికి ఉన్నవి నలభై ఒకటి. ఆ అమ్మాయికి చేతనైన పని ఒక్కటే, ఎవరో రాసినదాంట్లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం. అది పోతే ఏం చేసుకుని బతుకుతుందో అక్కకి ఊహకందేది కాదు. సొంత మనిషి ఫైలు తను చూడటం పద్ధతి కాదని ఆవిడ డైరెక్టర్‌కి రాసింది. ‘సంఖ్యలకి చుట్టరికాలు ఉండవు కదా మేడమ్’ అని ఆయన తిప్పి పంపాడు.

ముందు పేరుగారి లెక్క మొదలుపెట్టింది. మొత్తం ఆరువేల మూడువందల పన్నెండు సైటేషన్లు. కలిసి రాసినవాళ్ళు నూట ఎనభై ముగ్గురు. బొమ్మలో ఆయన మధ్యలో, చుట్టూ నూట ఎనభై మూడు చుక్కలు, ఒక్కో చుక్కకీ ఒక్కో గీత. కంప్యూటర్ దీన్ని సహకారం అంటుంది. ఆ చుక్కల్లో సగం మంది మెట్ల మీద ఎదురైతే ఆయన పక్కకి జరిగి దారి ఇస్తాడే తప్ప గుర్తుపట్టడు.

సైటేషన్లు అన్ని వేలు ఎలా వచ్చాయో ఆవిడకి తెలియని రహస్యమేం కాదు. ఆ లాబ్‌లో మూడు దండాల ఆచారం ఉంది. లాబ్‌లో పుట్టిన ఏ పేపరైనా పేరుగారి పాత పేపర్లని కనీసం మూడిటిని తలుచుకోవాలి. బయటికి వెళ్ళి ఉద్యోగాల్లో చేరినవాళ్ళు కూడా, సిఫారసు ఉత్తరాలు అవసరమున్నంత కాలం, మూడు దండాలూ తప్పకుండా పెడతారు. ఎవరూ ఎక్కడా రాయలేదు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చేరిన వారంలోనే అందరికీ ఒంటబడుతుంది.

ఆయన్ని ఆకాశానికెత్తిన పేపర్ ఒకటుంది, పదకొండేళ్ళ కిందటిది. ప్రోగ్రాం బయటికి వెళ్ళకముందే అందులో బగ్గులు, అంటే తప్పులు, ఎక్కడ ఉంటాయో ముందుగా చెప్పే పరికరం ఒకటి తయారుచేశామని, అది నూటికి తొంభైనాలుగుసార్లు సరిగ్గా చెప్పిందని దాని సారాంశం. దానొక్కదానికే వెయ్యిన్నూట నలభై సైటేషన్లు. డైరెక్టర్ గదిలో దాని మొదటి పేజీ ఫ్రేమ్ కట్టించి పెట్టారు.

మామూలుగా అయితే ఆవిడ సంఖ్య వేసి, సంతకం పెట్టి, ఇంటికి వెళ్ళిపోయేది. కానీ పక్కన పల్చటి ఫైలు ఉంది. కడుపుమంట అనండి, మొండితనం అనండి, పంతొమ్మిదేళ్ళలో ఎప్పుడూ చేయని పని ఆవిడ చేసింది. ఆ వెయ్యిన్నూట నలభై పేపర్లూ ఒక్కొక్కటే తెరిచి, పేరుగారి పేరు వచ్చిన వాక్యం ఎక్కడుందో వెతికి, ఆ వాక్యం చదివింది. ఏమని తలుచుకున్నారో ఒక కాలమ్‌లో రాసుకుంది. మూడు వారాలు పట్టింది. కళ్ళు ఎర్రబడ్డాయి, ఇంట్లో భర్త విసుక్కున్నాడు, ఆవిడ ఎవరి మాటా చెవిన పెట్టలేదు.

నాలుగువందల రెండు దండాలు. తొంభైమంది మంద తోలినట్టు పది పేపర్లని ఒకే బ్రాకెట్లోకి తోసినవాళ్ళు. నిజంగా మెచ్చుకున్నవాళ్ళు ముప్ఫైఎనిమిది. మిగిలిన ఆరువందల పదిమందీ ఆ పేపర్‌ని ‘ఇలా చేయకూడదు’ అనడానికి ఉదాహరణగా చూపించారు.

ఎందుకంటే ఆ తొంభైనాలుగు వట్టిది. పరికరానికి నేర్పడానికి వాడిన ప్రోగ్రాములు, తర్వాత దానికి పరీక్ష పెట్టిన ప్రోగ్రాములు చాలావరకు ఒకదానికొకటి కాపీలు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఒకరి ముక్కలు ఒకరు ఎత్తి అతికించుకుంటారని ఆ రంగంలో కొత్తగా అడుగుపెట్టినవాడికి కూడా తెలుసు. ఆ కాపీలు ఏరేయకుండా పరీక్ష పెట్టడమంటే ప్రశ్నపత్రం ముందురోజే చేతికిచ్చి కూర్చోబెట్టడం. ఇంత మోటు తప్పుకి ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించుకున్నారు.

ఆ తప్పుని మొట్టమొదట పట్టుకుంది చెల్లెలే. ఆరేళ్ళ కిందట ఆ కాపీలన్నీ తీసేసి మళ్ళీ పరీక్ష పెడితే తొంభైనాలుగు కాస్తా యాభైమూడుకి జారింది. అంటే బొమ్మాబొరుసూ వేసి చెప్పినా దాదాపు అంతే. అప్పుడు ఆ కాగితాలు పట్టుకుని అక్క ఇంటికి వచ్చి ఏం చేయమంటావని అడిగింది. లోకం తెలిసిన అక్క చిలక్కి చెప్పినట్టు చెప్పింది: “ఆయన పేరు ముందు పెట్టు. నీ పేరు చూసి ఎవరూ తలెత్తి కూడా చూడరు. ఆయన పేరుంటే నలుగురూ చదువుతారు, నీ లెక్కా పెరుగుతుంది.” చెల్లెలు అలాగే చేసింది. నలుగురూ చదివారు. ఆ దిద్దుబాటు పేపర్‌కి ఇప్పుడు రెండువందల అరవై సైటేషన్లు. అన్నీ మొదటి పేరువాడి ఖాతాలోకే వెళ్ళాయి. తప్పు చేసినందుకు వెయ్యిన్నూట నలభై, ఆ తప్పుని ఇంకొకరు పట్టుకున్నందుకు ఇంకో రెండువందల అరవై. పేరుగారి మీద ఆవిడకి ఉన్న అసహ్యానికి ఈ లెక్క తేలిన రోజు కొత్త అంతస్తు లేచింది. తను చెప్పిన సలహాని మాత్రం ఆవిడ ఎక్కువసేపు తలుచుకోలేదు.

అన్నీ శుభ్రంగా ప్రింట్ తీసి డైరెక్టర్ బల్ల మీద పెట్టింది. దాంతో పేరుగారి పని అయిపోయినట్టేనని ఆవిడ నమ్మకం.

డైరెక్టర్ అద్దాలు సవరించుకున్నాడు. “ఈ కాలమ్ ఏంటి మేడమ్?”

“ఎందుకు ప్రస్తావించారో రాశాను సార్.”

“ఫారంలో అలాంటి కాలమ్ లేదే.”

“లేదు సార్. అందుకే విడిగా పెట్టాను. ఆరువందల పదిమంది ఆ పేపర్‌ని తప్పుకి ఉదాహరణగా చూపించారు.”

ఆయన కాసేపు పెన్ను మూతతో ఆడుకున్నాడు. “మరి ఇది తప్పని మొదట చెప్పిందెవరు?”

“ఆరేళ్ళ కిందట ఒక దిద్దుబాటు పేపర్ వచ్చింది సార్.”

“అదే, ఎవరిది?”

అప్పటికి గానీ తను ఎక్కడికి నడిచి వచ్చిందో ఆవిడకి తెలియలేదు. “మొదటి పేరు ఆ ప్రొఫెసర్ గారిదే సార్. రెండో పేరు మా చెల్లెలిది. కనిపెట్టింది తనే.”

రెండో వాక్యం, మూడో వాక్యం డైరెక్టర్ చెవిదాకా వెళ్ళలేదు. ముఖం వెలిగిపోయింది. “అంటే తన తప్పు తనే బయటపెట్టుకున్నారు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు మేడమ్ ఇలాంటి పని? చాలా మంచి విషయం పట్టుకొచ్చారు. కొత్త కేంద్రం ప్రారంభోత్సవంలో దీని గురించి నేనే మాట్లాడతాను.”

“కనిపెట్టింది మా చెల్లెలు సార్.”

“సాయం చేసి ఉంటుంది లెండి. అలాంటి గురువు దొరకడం కూడా అదృష్టమే.”

మూడు వారాలు కళ్ళు పోయేలా ఆవిడ పోగుచేసిన నిప్పులు ఆ గదిలో పూలదండ అయిపోయాయి. డైరెక్టర్ మూర్ఖుడని ఆవిడకి పాత అభిప్రాయమే. ఇంత మూర్ఖుడని మాత్రం అనుకోలేదు. నెలాఖరుకి ఇంక అయిదు రోజులే ఉన్నాయి.

ఇష్టం లేకపోయినా మర్నాడు పేరుగారి గదికి వెళ్ళింది. ఆయన లేచి నిలబడి మరీ కుర్చీ చూపించాడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. ఎవరినీ కసురుకోడు, ఎవరినీ తక్కువగా మాట్లాడడు. వెన్నపూసలాంటి మనిషి.

“రా అమ్మా, కూర్చో. నీ నివేదిక డైరెక్టర్ గారు పంపారు. చదివాను,” అన్నాడు. “ఆరువందల పదిమంది. తిట్టుకోవడానికైనా నేనే కావాల్సి వచ్చానన్నమాట.” నవ్వాడు. ఆ నవ్వులో సిగ్గు కోసం ఆవిడ వెతికింది. మచ్చుకైనా లేదు.

“సార్, ఆ దిద్దుబాటు మా చెల్లెలు చేసిన పని. మీకు తెలుసు.”

“తెలియకపోవడమేంటమ్మా. బంగారంలాంటి పిల్ల.”

“తనూ సమానంగా పనిచేసిందని మీరు ఒక ఉత్తరం ఇస్తే, ఆ రెండువందల అరవై తన లెక్కలో కూడా పడతాయి. ఉద్యోగం నిలబడుతుంది.”

పేరుగారు అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. “అది ఒక్కటి అడక్కమ్మా. తన తప్పు తనే దిద్దుకున్నాడని డైరెక్టర్ గారు పదిమందికీ చెప్పేశారు. ఇప్పుడు ఇద్దరం కలిసి దిద్దామంటే ఏం బాగుంటుంది?” సొరుగులోంచి ఒక ఫారం తీశాడు. “మిగతావి రెండువందల నలభై పేపర్లున్నాయి. నీకేది కావాలో చెప్పు. పొరపాటున పేరు వదిలేశామని, సమానంగా పనిచేసిందని ఈ నిమిషంలో సంతకం పెట్టేస్తాను.”

“తను రాయని పేపర్లు సార్ అవి.”

“నేను మాత్రం రాశానా అమ్మా?” అన్నాడు ఆయన, చాలా మామూలుగా.

ఆయన ఫారం కింద సంతకం పెట్టాడు. పేపర్ పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేశాడు. “నువ్వే నింపుకో. పిల్ల కూడా సంతకం పెట్టాలి, మర్చిపోకు. లెక్కలు నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?”

ఆ కాగితం ఆయన ముఖాన కొట్టాల్సింది. మెట్లు దిగుతున్నంతసేపూ ఆవిడ అదే అనుకుంది. దొంగ, సిగ్గులేని మనిషి, వెన్నెముక లేని మనిషి అని ఒక్కో మెట్టుకీ ఒక్కో మాట అంది. కాగితం మాత్రం మడత పడకుండా జాగ్రత్తగా పట్టుకుంది.

గదికి వచ్చి పేరుగారి పేపర్ల జాబితాని సైటేషన్ల వరసలో పెట్టింది. మరీ పెద్దదైతే కళ్ళల్లో పడుతుంది. మరీ చిన్నదైతే పనికిరాదు. నలభై ఒకటికి ఎంత కలిపితే రెండువందలు దాటుతుందో చూసుకుంటూ కిందికి వెళ్ళింది. నూట డెబ్బైమూడు దగ్గర ఆగింది. రెండూ కలిపితే రెండువందల పద్నాలుగు. అటూ ఇటూ కాకుండా, ఎవరి కన్నూ పడకుండా, ముచ్చటగా ఉంది. ఆ పేపర్ పేరు ఫారంలో ఎక్కించి, పేపర్ ప్రింట్ తీసి, దానికి ఫారం జతచేసింది.

శనివారం మధ్యాహ్నం చెల్లెలి ఇంటికి వెళ్ళింది. ముందుగదిలో చెల్లెలి భర్త నేలమీద న్యూస్‌పేపర్ పరుచుకుని ఏదో యంత్రం ముక్క తుడుస్తున్నాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. నాలుగో తరగతి కూతురు పెద్దమ్మ తెచ్చిన బిస్కెట్లు పుచ్చుకుని పక్కింటికి తుర్రుమంది. చెల్లెలు మంచం మీద ఆరిన బట్టలు మడతపెడుతోంది.

అక్క తలుపు దగ్గరగా వేసి విషయమంతా చెప్పింది. డైరెక్టర్ ముందు ఏం జరిగింది, పేరుగారు ఏమన్నాడు, ఏదీ దాచలేదు. చివర్న ఫారం తీసి మంచం మీద పెట్టింది. “ఇక్కడ సంతకం పెట్టు. అంతే. సోమవారం నేను ఎక్కించేస్తాను.”

గుమ్మం అవతల నుంచి చెల్లెలి భర్త అన్నాడు: “వదినా, మా దగ్గర తప్పు దొరికితే లిఫ్టు ఆపేస్తాం. మీ దగ్గర ప్రమోషన్ ఇస్తారన్నమాట.”

“నువ్వు నీ పని చూసుకో మరిదీ,” అంది ఆవిడ. గొంతు కరుకుగా వచ్చింది.

చెల్లెలు ఫారం చూసింది. దాని కింద పేపర్ చూసింది. “దేని గురించి అక్కా ఇది?”

“బగ్గుల గురించే.”

“మా లాబ్‌లో బగ్గుల గురించి కానిది ఏముంది? ఇందులో ఏం చేశారు? రేపు ఉద్యోగం ఖాయం చేసే ఇంటర్వ్యూలో అడిగితే చెప్పాలిగా.”

తూకం మేడమ్ పేపర్ మొదటి పేజీ వైపు చూసింది. వెయ్యిన్నూట నలభై పేపర్లలో ఒక్కో వాక్యం ఏరుకుని చదివిన మనిషి, సంఖ్య తప్ప ఇంకేమీ చూడని వాళ్ళందరినీ మూడు వారాలుగా నోరారా తిట్టుకున్న మనిషి, ఈ పేపర్ తెరవను కూడా తెరవలేదు. నూట డెబ్బైమూడు అన్న అంకె చూసింది, చాలనుకుంది. అది ఆ క్షణంలో గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

“చదివి సంతకం పెడతాను,” అంది చెల్లెలు. బట్టలు పక్కకి జరిపి, కూతురి పెన్సిల్ ఒకటి తీసుకుని గోడకి ఆనుకుని కూర్చుంది.

అక్క ఎదురుగా కుర్చీలో కూర్చుంది. చేసేదేం లేక మిగిలిన బట్టలు మడతపెట్టింది. చదివేటప్పుడు చెల్లెలికి ఎవరూ గుర్తుండరు. కింది పెదవి కొరుక్కుంటూ ఒక్కో అంకె మీదా పెన్సిల్ ఆనిస్తూ పోతుంది. ఏడేళ్ళుగా పదిమంది పేపర్లకీ ఇలాగే ప్రాణం పోసింది. వాళ్ళెవరూ ఈమె పేరు ముందు రాయలేదు. దేవుడా, ఈ ఒక్క పేపర్లో ఏమీ లేకుండా చూడు అనుకుంది అక్క, ఎప్పుడూ దేవుణ్ణి ఏదీ అడగని మనిషి.

ఏడో పేజీలో పెన్సిల్ ఆగింది. వెనక్కి రెండో పేజీకి వెళ్ళింది. మళ్ళీ ఏడుకి వచ్చింది.

“నూట ఇరవై ప్రోగ్రాముల మీద పరీక్ష పెట్టామని ముందు చెప్పారు,” అంది చెల్లెలు. “ఇక్కడ పట్టికలో కూడితే నూట ఎనిమిదే వస్తున్నాయి. మిగతా పన్నెండు ఎక్కడా లేవు. తమకి అనుకూలంగా రానివి తీసి పారేశారు.” పేపర్ మంచం మీద పెట్టింది. “సంతకం పెట్టను అక్కా.”

అక్కకి ముందు కోపమే వచ్చింది. “ఉద్యోగం పోతుందే. ఇలా తప్పులు పట్టేదాన్ని ఇంకెవరు పిలిచి కూర్చోబెడతారు?”

“ఎవరూ పిలవరేమో.”

“మరి? ఆ పన్నెండు ఎవరికి కావాలి? ఎవరు కూడి చూస్తారు?”

“ఎప్పుడో ఎవరో ఒకరు చూస్తారు. చూసి, ఇలా చేయకూడదని దీన్ని ఉదాహరణగా రాస్తారు. అప్పుడు ఇందులో నా పేరుంటుంది.” చెల్లెలి గొంతులో కోపం లేదు. “అది కూడా నా లెక్కలోనే వేస్తావు నువ్వు.”

అసహ్యించుకోవడానికి ఎవరైనా దొరికితే అక్కకి బాగుండుననిపించింది. డైరెక్టర్‌ని తలుచుకుంది, పేరుగారిని తలుచుకుంది. ఇద్దరూ దూరంగా, చిన్నగా కనిపించారు. ఖాళీ ఫారంలో ఈ పేపర్ పేరు నింపిన తన చేతివ్రాత మాత్రం మంచం మీద ఎదురుగా ఉంది.

“సోమవారం నా ఫైల్లో ఎంత రాస్తావు?” అడిగింది చెల్లెలు.

“నలభై ఒకటి.”

“సరిగ్గానే లెక్కపెట్టావుగా?”

“రెండుసార్లు చూశాను.”

“అయితే రాసెయ్,” అని చెల్లెలు పెన్సిల్ తీసుకెళ్ళి కూతురి పుస్తకాల సంచిలో పెట్టింది. ఆ అంకె కింద సంతకం పెట్టాల్సింది అక్కే.